పీడకల ఎవరిది? – డిస్టోపియా నవలల్లో వర్ణం

డిస్టోపియా నవలల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సాహిత్య గోష్ఠుల్లో ఒక వాక్యం తప్పకుండా వినిపిస్తుంది: "ఇవి మానవజాతి భవిష్యత్తును గురించిన హెచ్చరికలు." ఆ వాక్యం పలికేవారి మీద నాకు గౌరవమే గాని, ఆ వాక్యం మీద లేదు. అందులోని "మానవజాతి" అన్న మాటను ఎవరూ విప్పి చూడరు. "భవిష్యత్తు" అన్న మాటను అసలే విప్పరు. నిఘా నీడలో బతకడం, సొంత పేరు పోయి యజమాని పేరుతో పిలిపించుకోవడం, అక్షరం నేర్చినందుకు శిక్ష పడడం, కన్నబిడ్డ మీద హక్కు లేకపోవడం, విచారణ లేని ఖైదు – ఈ నవలలు రేపటి భయాలుగా చూపించేవి ఇవే కదా! భూమి మీద కోట్లాది మందికి ఇవి నిన్నటి అనుభవాలు. కొందరికి ఇవాళ్టివి కూడా. నిన్న జరిగినదాన్ని రేపు జరగబోయేదిగా రాయాలంటే ముందుగా ఒక పని చేయాలి. నిన్న అది ఎవరికి జరిగిందో వారిని కథలోంచి తప్పించాలి. ఆ తప్పించడాన్ని గురించే ఈ వ్యాసం.

నా వాదాన్ని ముందే చెప్పేస్తాను. ఆంగ్లంలో పేరుమోసిన డిస్టోపియా నవలల్లో వర్ణసోపానం లేదనుకోవడం పొరపాటు. ఉంది. ఇంటికి పునాది ఉన్నట్టుగా ఉంది. ఇల్లు చూడవచ్చినవాడు గదులు చూస్తాడు, గోడలు చూస్తాడు; పునాది చూపించమని అడగడు. మన భాషలో రంగుకీ, సమాజంలో మనిషికి కేటాయించిన మెట్టుకీ "వర్ణం" అని ఒకే మాట ఉంది. అటువంటి మాటను నోట పెట్టుకొని పుట్టినవాళ్ళకు ఈ పునాది అందరికన్నా ముందు కనబడాలి. కనబడడం లేదు. ఎందుకు కనబడడం లేదో చివర్లో చెబుతాను. ముందు నవలలను చూద్దాం.

ఈ సాహిత్యానికి పూర్వరంగంగా చెప్పదగినది హెచ్.జి. వెల్స్ 1898లో ప్రకటించిన 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్'. అంగారక గ్రహవాసులు ఇంగ్లండు మీదికి దండెత్తి వస్తారు. వారిని క్రూరులని తిట్టేముందు, యూరపు నుంచి వలస వెళ్ళినవాళ్ళు టాస్మేనియా ఆదివాసులను యాభై ఏళ్ళలో ఎలా తుడిచిపెట్టారో తలచుకోవాలని మొదటి అధ్యాయంలోనే కథకుడు అంటాడు. ఆ చెప్పడంలో కూడా ఒక మెలిక ఉంది. టాస్మేనియావాళ్ళకు మనిషి పోలికలు ఉన్నప్పటికీ అలా జరిగిందంటాడు – వాళ్ళు మనుషులని నేరుగా అనడానికి నోరు రాలేదు కాబోలు. పూర్తిగా అంతరించారనడమూ నిజం కాదు. వారి సంతతి నేటికీ ఆ ద్వీపంలో ఉంది. అయినా వెల్స్‌కు ఒక పుణ్యం దక్కాలి. సూత్రాన్ని బయటపెట్టాడు. మేము అక్కడ వాళ్ళకు చేసినదాన్ని ఎవరైనా ఇక్కడ మాకు చేస్తే ఎలా ఉంటుంది? డిస్టోపియా కల్పనకు మూలధాతువు ఈ ప్రశ్నే. తరువాత వచ్చినవారు సూత్రాన్ని ఉంచుకొని ఒప్పుకోలును చెరిపేశారు.

ఆల్డస్ హక్స్లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' 1932లో వచ్చింది. పిండాలను సీసాల్లో పెంచి, పుట్టకముందే మనుషులను ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అనే అయిదు మెట్లకు కేటాయించే రాజ్యం. ఆ మెట్లకు హక్స్లీ వాడిన మాట "కాస్ట్". పోర్చుగీసులు మన కులవ్యవస్థను చూసి వాడిన మాటే అది. 1925–26లో హక్స్లీ స్వయంగా భారతదేశం వచ్చి వెళ్ళాడు కూడా. ఇంతవరకూ మన విమర్శకులూ చెబుతారు. చెప్పనిది ఒకటుంది. ఆ మెట్లకు రంగులున్నాయి. ఫ్యాక్టరీలో యంత్రాల ముందు చప్పిడి ముక్కులతో నిలబడ్డ డెల్టాలు నల్లవారు. లిఫ్టు నడిపే ఎప్సిలాన్‌ను వర్ణించవలసి వస్తే రచయితకు కోతి పోలిక తోచింది. కింది మెట్లలో తెల్లవారు లేరని నేననను, ఉన్నారు. పై మెట్టు మీద మాత్రం నల్లవాడు పాత్రగా ఎక్కడా రాడు.

ఇది యాదృచ్ఛికం అనేవారు మొదటి అధ్యాయాన్ని మళ్ళీ చూడాలి. ఒక్క అండాశయం నుంచి ఎన్ని శిశువులను రాబట్టవచ్చో లెక్కలు చెబుతూ ఒక ఉద్యోగి లండన్ కేంద్రాన్ని మొంబాసాతో పోలుస్తాడు. మొంబాసాలో అంకె 17,000 తాకిందట. అక్కడివారికి ఉన్న సౌలభ్యం నల్లజాతి స్త్రీల అండాశయాలట. ఆ నవలలో ఆఫ్రికా స్త్రీకి దక్కిన చోటు ఇంతే. ముఖం లేదు, మాట లేదు. ఉత్పత్తి లెక్క ఉంది. ఇక ఆ రాజ్యంలో జనం ఎగబడి చూసే "ఫీలీ" అనే స్పర్శచిత్రం కథ వినండి. ఒక భారీ నల్లమనిషికి తలకు దెబ్బ తగిలి, అతనికి నేర్పిన కట్టుబాట్లన్నీ చెదిరిపోయి, బంగారు జుట్టు బీటా యువతిని ఎత్తుకుపోతాడు. మూడు వారాల పాటు హెలికాప్టర్లో బంధిస్తాడు. ముగ్గురు అందగాళ్ళైన ఆల్ఫాలు వచ్చి ఆమెను విడిపిస్తారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారిని చెట్లకు వేలాడదీసిన మూకలు తమలో తాము చెప్పుకొన్న కథ సరిగ్గా ఇదే. ఆ హత్యలు హక్స్లీ రాసేనాటికి ఆగిపోలేదు.

"అది వ్యంగ్యం కదా, ఆ రాజ్యాన్ని వెక్కిరించడానికే కదా" అంటారు. ఒప్పుకొంటాను, నవల మొత్తం వ్యంగ్యమే. వ్యంగ్యానికి గురి ఏదన్నది ప్రశ్న. హక్స్లీ ఎక్కుపెట్టింది యాంత్రిక సుఖం మీద, మనసును మలిచే శిక్షణ మీద. రంగుల మెట్ల వరుస ఆ గురిలో లేదు. 1946లో నవలకు కొత్త ముందుమాట రాస్తూ తన లోపాలను తానే చెప్పుకొన్నాడు: జాన్ అనే "అనాగరికుడి" ముందు రెండే దారులు ఉంచి మూడోదారి చూపకపోవడం, అణుశక్తి ఊసెత్తకపోవడం. ఆ జాబితాలో వర్ణం ఊసు లేదు. ఆ "అనాగరికుడు" కూడా ఎవరు? న్యూమెక్సికో ఆదివాసుల మధ్య పెరిగిన తెల్లతల్లి కొడుకు. ఒళ్ళు తెలుపన్న కారణంతో ఆదివాసులు అతన్ని తమ క్రతువుల్లోకి రానివ్వరు. శతాబ్దాల వర్ణవివక్షను ఒక్కసారి కళ్ళెదుట నిలిపే అవకాశం వచ్చినచోట బాధితుడు తెల్లవాడయ్యాడు, వివక్ష చూపింది ఆదివాసులయ్యారు. తలకిందుల లోకమంటే ఇదీ.

ఇప్పుడు ఆర్వెల్. ఇక్కడ మనకు సొంత పని ఉంది.

'1984' నవల 1949లో వెలువడింది. విన్‌స్టన్ స్మిత్ చాటుగా చదివే గోల్డ్‌స్టీన్ పుస్తకం అందరికీ గుర్తుంటుంది గాని, అందులో ఒక భూగోళ వర్ణన ఉన్నట్టు చాలామందికి గుర్తుండదు. మూడు మహారాజ్యాలు ఎడతెగకుండా ఒక చతుర్భుజం కోసం పోట్లాడుకొంటూ ఉంటాయి. దాని నాలుగు మూలలు: టాంజియర్, బ్రాజవిల్, డార్విన్, హాంకాంగ్. పటం తెరిచి గీతలు గీసి చూడండి. ప్రపంచ జనాభాలో అయిదోవంతు ఆ గీతల మధ్య ఉందని నవల చెబుతుంది. ఆ ప్రాంతపు జనం దాదాపు బానిసలు. బొగ్గులాగా, నూనెలాగా ఒక విజేత చేతిలోంచి మరొక విజేత చేతిలోకి మారుతూ ఉంటారు. చవకగా దొరికే కూలీల కోసం చేజిక్కించుకోదగిన ప్రాంతాలను ఆ పుస్తకం పేరుపేరునా చెబుతుంది: మధ్యరేఖ దగ్గరి ఆఫ్రికా, మధ్యప్రాచ్య దేశాలు, ఇండొనేసియా ద్వీపాలు, దక్షిణ భారతం.

దక్షిణ భారతం. అంటే మనం. '1984' చదివిన ప్రతి తెలుగువాడూ తాను విన్‌స్టన్ స్మిత్‌నని అనుకొన్నాడు. టెలిస్క్రీన్ తననే చూస్తోందని భయపడ్డాడు. నవల అతనికి ఇచ్చిన స్థానం అది కాదు. నవల ప్రకారం అతను లండన్‌లో లేడు, అతనికి డైరీ లేదు, జూలియా లేదు, తిరుగుబాటు లేదు, 101వ గది కూడా లేదు. అతన్ని హింసించి మనసు మార్చేటంత శ్రమ కూడా ఎవరూ తీసుకోరు. మందలో ఒక తలకాయ. పైగా ఆ కూలీల శ్రమ లేకపోయినా ప్రపంచ వ్యవస్థ స్వరూపం పెద్దగా మారదని ఆ పుస్తకం తేల్చేస్తుంది. అయిదోవంతు మానవాళి బానిసత్వం ఒక పేరా పని. ఒక్క తెల్లగుమాస్తా ఆత్మ విరిగిపోవడం నవల మొత్తం.

ఆర్వెల్‌కు తెలియక ఇలా రాశాడా? తెలియకపోవడానికి వీల్లేదు. అతను పుట్టింది బీహారులోని మోతీహారిలో, 1903లో. తండ్రి సర్కారువారి నల్లమందు శాఖలో ఉద్యోగి. 1922 నుంచి 1927 దాకా ఆర్వెల్ బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశాడు. ఆనాటి రంగూన్ రేవులో మూటలు మోసే కూలీలలో అత్యధికులు తెలుగువారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన కారణంగా బర్మావాళ్ళు వారిని "కోరంగీలు" అనేవారు. ఆ రేవుకూలీలే 1930లో సమ్మె కట్టారు. ఆ సమ్మె వెంటనే రేగిన అల్లర్లలో ఎందరో చచ్చిపోయారు. 1942లో జపాను సేనలు వస్తుంటే కొండలూ అడవులూ పడి కాలినడకన ఇళ్ళకు బయలుదేరిన జనంలోనూ వాళ్ళున్నారు. దక్షిణ భారతపు కూలీ అన్నమాట ఆర్వెల్ పుస్తకాల్లో చదివి నేర్చుకొన్న మాట కాదు. వాళ్ళు పనిచేసే దేశంలో అధికారిగా అయిదేళ్ళు ఉన్నాడు.

అంతేకాదు. సామ్రాజ్యం ఎంత అసహ్యమైనదో ఆంగ్లంలో ఆర్వెల్‌లా చెప్పినవారు తక్కువ. 1934 నాటి 'బర్మీస్ డేస్' చదివినవారికి ఆ సంగతి తెలుసు. మొరాకో వెళ్ళి వచ్చి 1939లో ప్రకటించిన 'మారకేష్' వ్యాసంలో, పొలంలో పనిచేసే గోధుమరంగు మనిషి తెల్లవాడి కంటికి ఆనడని, నేల కనబడినంతగా కూడా మనిషి కనబడడని తానే ఒప్పుకొన్నాడు. 1941 నుంచి 1943 వరకు బి.బి.సి. తూర్పు విభాగంలో కూర్చొని భారతదేశానికే ప్రసారాలు చేశాడు. ఇంత తెలిసినవాడు తన మహానవలలో మనకిచ్చింది ఒక చతుర్భుజం. నేను చెప్పదలచింది ఇదే. దురుద్దేశం ఉండనక్కరలేదు. మంచివాడైనా చాలు, తెల్లదనం తన పని తాను చేసుకుపోతుంది. చూడడం వచ్చినవాడు కూడా నవల రాయడానికి కూర్చునేసరికి, పీడకలకు తగిన మనిషిగా తనలాంటి మనిషే తోస్తాడు.

ఆ నవలలో ముఖాలను కూడా గమనించండి. యురేసియా అంటే పోర్చుగల్ నుంచి బేరింగ్ జలసంధి దాకా ఉన్న రాజ్యం; ఫ్రాన్సు, జర్మనీ కూడా అందులోవే. అయినా గోడపత్రికల మీద ఆ రాజ్యపు సైనికుడికి మంగోల్ ముఖమే. అది పార్టీ ప్రచారం అనుకొందామా? విన్‌స్టన్ స్వయంగా చూసే ఖైదీల లారీల్లోనూ ముందుగా కనబడేవి పసుపుపచ్చని చిన్న మనుషులు, మంగోల్ ముఖాలు. ఓబ్రయన్ ఇంట్లో మౌనంగా మద్యం అందించే సేవకుడి ముఖం చైనావాడిదై ఉండవచ్చంటాడు. పార్టీలో జాతివివక్ష లేదని, నల్లవారు కూడా పై శ్రేణిలో ఉన్నారని గోల్డ్‌స్టీన్ పుస్తకం చెబుతుంది. వివక్ష లేదన్నది ఒక వాక్యం. ఎవరు సేవకుడు, ఎవరు శత్రువు, ఎవరు కూలీ అన్నది కథ.

విన్‌స్టన్ భయాల మాటకొస్తే, పుట్టుకను బట్టే అనుమానితుణ్ణి చేసి, కదలికలన్నీ నమోదు చేసి, హాజరు వేయించుకొని, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటనివ్వని రాజ్యం ఇంగ్లీషువారికి కల్పన. మన ఎరుకలవారికి చట్టం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది ఆ తరువాతే. బిడ్డ పుడుతూనే నేరస్థుడు. ఆలోచననే నేరం చేసిన రాజ్యాన్ని ఆర్వెల్ ఊహించాడని మెచ్చుకొంటాం. పుట్టుకనే నేరం చేసిన రాజ్యంలో ఆయన జీతం తీసుకొన్నాడు, మనవాళ్ళు హాజరు పలికారు. 'ఆర్వెల్ చెప్పినట్టు' అనే మాట మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. స్టువర్టుపురంలో జరిగినట్టు అని ఒక్కరూ రాయగా నేను చూడలేదు.

మార్గరెట్ అట్వుడ్ 'ద హాండ్‌మెయిడ్స్ టేల్' (1985) విషయంలో సూత్రం మరీ స్పష్టం. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఇంతకుముందు జరగనిదేదీ తన నవలలో పెట్టలేదని అట్వుడ్ అనేకసార్లు చెప్పింది. నిజమే. ఎవరికి జరిగింది? గిలియడ్ రాజ్యంలో స్త్రీలు చదవకూడదు. బానిసలకు రాత నేర్పడాన్ని దక్షిణ కరోలినా 1740లోనే నిషేధించింది. గిలియడ్‌లో దాసి పేరు యజమాని పేరే; బానిసల ఇంటిపేర్లు చాలావరకు అలా వచ్చినవే. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అని వర్జీనియా 1662లో చట్టం చేసింది. 1808లో అమెరికా బానిసల దిగుమతిని నిషేధించాక, ఉన్న బానిస స్త్రీల గర్భం మరింత విలువైన ఆస్తి అయింది. కెనడాకు పారిపోయే రహస్య మార్గానికి కూడా, బానిసలను తప్పించిన "అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్" పేరునే కొద్దిగా మార్చి నవలలో పెట్టారు.

సరే, ఆ స్త్రీల మనవరాళ్ళు నవలలో ఎక్కడున్నారు? "హామ్ సంతతి"ని ఉత్తర డకోటాకు తరలిస్తున్నట్టు టి.వి.లో కొద్ది వాక్యాల వార్త. అంతే, వాళ్ళు వెళ్ళిపోయారు. గిలియడ్ జాత్యహంకార రాజ్యం కనుక అలా జరగడం సహజమని, చివర్లో చరిత్రాచార్యుడి చేత ఆ మాట అనిపించారు కదా అని సమర్థించేవారున్నారు. గిలియడ్‌ను సృష్టించింది రచయిత్రి. ఎవరిని లారీ ఎక్కించాలో ఆమె నిర్ణయించింది. నల్లస్త్రీల చరిత్రను ఇంట్లో ఉంచుకొని నల్లస్త్రీలను బయటికి పంపారు. 2017లో మొదలైన టి.వి. ధారావాహిక ఈ విమర్శకు వేరే జవాబు చెప్పింది. నల్ల నటీనటులను తీసుకొని, గిలియడ్‌లో వర్ణం పట్టింపే లేనట్టు కథ నడిపింది. మొదట మనుషులను తీసేశారు. తరువాత మనుషులను తెచ్చి చరిత్రను తీసేశారు. రెండు పద్ధతుల్లోనూ వర్ణసోపానం తెర వెనకే ఉండిపోయింది.

దీని ఫలం పాఠకుడి కంట్లో కాస్తుంది. సుజాన్ కాలిన్స్ 'ద హంగర్ గేమ్స్' (2008) నవలలో రూ అనే పన్నెండేళ్ళ పిల్ల ఒంటిరంగు ముదురు గోధుమ అని రచయిత్రి స్పష్టంగా రాసింది. తోటల్లో పంట కోసే జిల్లా నుంచి వచ్చిన పిల్ల. 2012లో సినిమా వచ్చినప్పుడు ఆ పాత్రను ఆమాండ్లా స్టెన్‌బర్గ్ ధరిస్తే, పుస్తకం ఇష్టంగా చదివినవారిలో కొందరు బాహాటంగా చిరాకుపడ్డారు. రూ నల్లపిల్ల అని తెలిశాక ఆమె చావుకు అంత దుఃఖం కలగలేదని రాసినవారు కూడా ఉన్నారు. అచ్చులో ఉన్న రంగు వాళ్ళ కంటికి ఆనలేదు. ఇన్ని దశాబ్దాలుగా పీడకల తెల్లపిల్లకే వస్తుందని నేర్పిన సాహిత్యం, జాలిపడదగిన పిల్ల తెల్లగా ఉంటుందని కూడా నేర్పింది. ఇది సాహిత్య చర్చ మాత్రమే అనుకొనేవారు ఇక్కడ కాసేపు ఆగాలి. ఎవరి చావుకు ఏడవాలో నేర్పే చదువు ఇది.

వేరే దారి లేదా? ఉంది, ఈ నవలలకు పక్కనే, కొన్నిసార్లు వీటికి ముందే ఉంది. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1920లో 'ద కామెట్' అనే కథ ప్రకటించాడు. తోకచుక్క విషవాయువుకు న్యూయార్క్ నగరం చచ్చిపోతుంది. బ్యాంకు నేలమాళిగలోకి పనిమీద పంపబడ్డ జిమ్ అనే నల్ల ఉద్యోగి బతుకుతాడు. నిన్నటిదాకా తనకు అన్నం పెట్టని హోటల్లోకి శవాల మధ్య నడిచివెళ్ళి తింటాడు. ఒక సంపన్న తెల్లయువతి కూడా బతికి ఉంటుంది. ఇక మిగిలింది ఇద్దరు మనుషులే అనుకొంటున్న వేళ ఆమె తండ్రి వస్తాడు. చచ్చింది న్యూయార్క్ ఒక్కటేనని తెలుస్తుంది. ఆ క్షణంలో జిమ్ తిరిగి నల్లవాడైపోతాడు. గుంపులోంచి అతన్ని ఉరితీయాలన్న కేక వినిపిస్తుంది. లోకం అంతం కావడం కన్నా లోకం తిరిగి రావడమే భయంకరం అని చెప్పిన కథను నేను దీనికి ముందు చదవలేదు.

జార్జి స్కైలర్ 'బ్లాక్ నో మోర్' 1931లో, అంటే హక్స్లీ నవలకు ఒక్క ఏడాది ముందు వచ్చింది. నల్లవారిని తెల్లగా మార్చే యంత్రం కనిపెడతారు. జనం బారులు తీరతారు. తీరా చివరకు, యంత్రంలోంచి వచ్చినవారు అసలు తెల్లవారికన్నా తెల్లగా ఉన్నారని తేలేసరికి కాస్త ముదురు రంగే గొప్పదైపోతుంది. తెల్లదనం రంగు కాదు, అధికారం అని ఇంత నవ్విస్తూ చెప్పిన పుస్తకం అరుదు. 1975లో మన బజారుకు వచ్చిన ముఖానికి పూసే తెలుపు లేపనం పేరును 2020లో మార్చారుగాని, ఆ కథ ఎవరికి వర్తిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన 'పారబుల్ ఆఫ్ ద సోవర్' 2024 జూలైలో మొదలవుతుంది. దాని కథానాయిక లారెన్ పదిహేనేళ్ళ నల్లపిల్ల. కాలిఫోర్నియా కాలి కూలుతూ ఉంటే, అప్పు కింద పనివాళ్ళను కట్టిపడేసే కంపెనీ ఊరిని చూసి ఆ పాత్రలు ఆశ్చర్యపోరు. వాళ్ళ తాతల చరిత్ర వాళ్ళకు తెలుసు. ఆ తెలియడమే వాళ్ళను బతికిస్తుంది. బట్లర్‌కు పీడకల కొత్తది కాదు, తిరిగి వచ్చినది. తేడా అంతా అక్కడే.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు రెండు. తెల్లరచయిత తన సమాజాన్ని గురించి రాసుకొంటే తప్పేమిటని మొదటిది. తప్పేమీ లేదు. దాన్ని మానవజాతి కథ అని మనం అనువదించుకొంటున్నామే, అదీ తప్పు. బాధకు రంగు ఉండదని రెండోది. బాధకు లేదు నిజమే. బాధను కథగా గుర్తించే చూపుకు ఉంది. ఆర్వెల్‌ను అటక మీద పెట్టమని నేననడం లేదు. పూర్తిగా చదవమంటున్నాను – ఆ చతుర్భుజంతో సహా.

ఇక మనకు ఎందుకు కనబడదన్న ప్రశ్న. ఇటువంటి చెరిపివేత మన ఇంట్లోనూ అలవాటే కనుక. మన సాహిత్యంలో "సగటు మనిషి" అన్నప్పుడు ఏ వాడలోని మనిషి తలపుకొస్తాడో గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి. మనుషులు మలం ఎత్తడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో ఒకసారి చట్టాలు వచ్చినా మురుగుగుంటల్లో దిగి ఊపిరాడక చనిపోతున్నవారు ఉన్నారు. దానిని మనం వార్త అంటాం, డిస్టోపియా అనం. ఆ మాట మనకు జరగబోయేదానికి అట్టిపెట్టుకొన్నాం. పై మెట్టు మీద నిలబడి చదివేవాడికి విన్‌స్టన్ బంధువుగా తోస్తాడు. సముద్రం దాటగానే తానే కూలీ అని ఆ పుస్తకంలోనే రాసి ఉన్నా కనబడదు.

విన్‌స్టన్‌కు తన మాట వినే మనిషి లేక, ఇంకా పుట్టని పాఠకుడి కోసం డైరీ రాస్తాడు. అది 1949. గుర్రం జాషువా 'గబ్బిలం' 1941లోనే వచ్చింది. అందులో అంటరానివాడికి తన గోడు వినే మనిషి లేక, గుడిలోకి అడ్డులేకుండా పోగల గబ్బిలానికి చెప్పుకొంటాడు. డైరీని ప్రపంచమంతా డిస్టోపియా అంటుంది. గబ్బిలాన్ని మనం ఖండకావ్యం అని ఊరుకొంటాం. ఎందుకంటే అందులో భవిష్యత్తు లేదు. కోరంగి ఓడ ఎక్కినవాడి డైరీ అయితే అసలు ఏ భాషలోనూ లేదు. ఈ పుస్తకాలను ఇకముందు పిల్లలకు చెప్పేటప్పుడైనా ఆ నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పి, పటం తెరిచి, ఆ గీతల మధ్య మన ఊరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి. తరువాత విన్‌స్టన్ కోసం ఎంత ఏడ్చినా నాకు అభ్యంతరం లేదు.